కిడ్నీ కుదురుకుంది, మనసు సంగతేమిటి?

డయాలసిస్ మీద ఉన్న మనిషి నీళ్ళు కొలుచుకుని తాగుతాడు. వైశాఖం ఎండల్లో నాలుక పిడచకట్టుకుపోతున్నా ఐసుముక్క చప్పరించి ఊరుకుంటాడు. కిడ్నీ మార్చాక అదే మనిషిని రోజుకు రెండున్నర, మూడు లీటర్లు తాగమంటారు. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవడం తప్పుతుంది. తిండికి రుచి తెలుస్తుంది, మొహానికి కళ వస్తుంది. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్ళలో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయిందంటే చూడవచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట, "పునర్జన్మ" అని.

ఆ మాట అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ పునర్జన్మ ఎత్తిన మనిషి, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె క్రియాటినిన్ 1.2 దగ్గర నిలకడగా ఉండి డాక్టరు "ఫస్ట్ క్లాస్" అన్న మనిషి, ఏడాది తిరిగేసరికి రాత్రిళ్ళు నిద్రపట్టక ఎందుకు దొర్లుతున్నాడో ఆ మాటతో తేలదు. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళ జీవన నాణ్యతను కొలిచిన అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ కనబడేది ఒక్కటే. నడక, ఆకలి, పని చేసుకునే ఓపిక లాంటి ఒంటి సంగతులు డయాలసిస్ రోజులకన్నా బాగా మెరుగవుతాయి. మనసు మాత్రం అంత వేగంగా కోలుకోదు. మార్పిడి అయినవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తాయి. ఇది కృతజ్ఞత లేకపోవడమూ కాదు, "అన్నీ బాగున్నా ఏడుపుగొట్టు తనం" అంతకన్నా కాదు. దీనికి కారణాలున్నాయి, వాటిలో సగం మందుల డబ్బాలోనే ఉన్నాయి.

మందులే మనసును కదిపేటప్పుడు

కిడ్నీ మార్పిడి జబ్బును నయం చేయదు, ఒక జబ్బు స్థానంలో ఇంకో చికిత్సను పెడుతుంది. 1954లో బోస్టన్‌లో తొలిసారి విజయవంతంగా కిడ్నీ మార్చింది ఒకే పోలిక కవలల మధ్య, కాబట్టి అప్పుడు ఒళ్ళు ఎదురు తిరగలేదు. మిగతా అందరి ఒళ్ళూ కొత్త కిడ్నీని పరాయిదిగానే చూస్తుంది, పదేళ్ళయినా ఆ సంగతి మరచిపోదు. అందుకే ట్యాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ అనే మూడు మందులు. కిడ్నీ పనిచేసినన్నాళ్ళూ వీటిని వాడాలి.

మూడింటిలో మనసు మీద సూటిగా పనిచేసేది ప్రెడ్నిసొలోన్, అంటే స్టెరాయిడ్. సాధారణంగా రోజుకు 20 మిల్లీగ్రాముల దగ్గర మొదలై కొన్ని నెలల్లో 5కు దిగుతుంది. మోతాదు ఎక్కువున్న రోజుల్లో మనిషి అర్ధరాత్రి లేచి బీరువా సర్దుతాడు, గలగలా మాట్లాడతాడు, చిన్నమాటకు గయ్యిమంటాడు. ఇంట్లోవాళ్ళు "ఆపరేషన్ అయ్యాక మనిషే మారిపోయాడు" అనుకుంటారు. మోతాదు తగ్గేకొద్దీ ఆ ఊపు దిగి ఒక్కోసారి దిగులు పట్టుకుంటుంది. రిజెక్షన్ (ఒళ్ళు కొత్త కిడ్నీ మీద తిరగబడటం) వచ్చి మూడు రోజులు వరసగా పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఎక్కిస్తే ఈ ఎత్తుపల్లాలు మరీ ఎక్కువ. ఈ బిళ్ళను పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకోవాలి. రాత్రికి వాయిదా వేస్తే నిద్ర పోయినట్టే.

ట్యాక్రోలిమస్ చేతులు వణికిస్తుంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణుకుతాయి, సంతకం మారిపోతుంది, బ్యాంకులో గుమస్తా అనుమానంగా చూస్తాడు. రక్తంలో మందు ఎక్కువైనప్పుడు ఈ వణుకు పెరుగుతుంది, తలనొప్పి, నిద్రలేమి కూడా. కొందరికి కొత్తగా షుగర్ వస్తుంది. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, జుట్టు పలచబడుతుంది, మొదటి ఏడాదిలో ఒళ్ళొస్తుంది. నలభై ఏళ్ళ మనిషి దీన్ని ఎలాగో సర్దుకుంటాడు. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి అద్దం చూసుకుని బిళ్ళ పక్కన పడేస్తుంది. పదిహేడు నుంచి ఇరవై నాలుగేళ్ళ మధ్య వయసులోనే మార్చిన కిడ్నీలు ఎక్కువగా పోతాయి, అందులో మందులు మానేయడం వాటా పెద్దది. ఆ వయసు పిల్లలున్న ఇంట్లో "వేసుకున్నావా?" అని అరిచేకన్నా, ఈ ఉబ్బు స్టెరాయిడ్ తగ్గేకొద్దీ చాలావరకు దిగుతుందని మొదటి నెలలోనే చెప్పి ఉంచడం ఎక్కువ పనిచేస్తుంది.

ఇక నీరసం. దాన్ని బద్ధకం అనేముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగర్, మెగ్నీషియం చూడాలి. బీపీకి వాడే కొన్ని మందులు కూడా మనిషిని మందగింపజేస్తాయి. గురక పెట్టేవాళ్ళలో నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో చూడాలి. ఇవన్నీ సరిగా ఉండి కూడా పొద్దున మంచం దిగబుద్ధి కావట్లేదంటే అప్పుడు డిప్రెషన్ మాట.

గడియారమూ, రైలూ

డయాలసిస్ వారంలో మూడు రోజులు కట్టేస్తుంది, ట్యాక్రోలిమస్ రోజుకు రెండుసార్లు. పన్నెండు గంటల తేడాతో, తిండికి గంట ముందు గానీ తిన్న రెండు గంటలకు గానీ, రోజూ ఒకే పద్ధతిలో. సాయంత్రం బిళ్ళే ఎక్కువగా తప్పుతుంది. పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నాక, సంతనుంచి బస్సు ఆలస్యమయ్యాక ఎవరికి గుర్తుంటుంది? మరచిపోయిన బిళ్ళకు బదులు తర్వాత పూట రెండు వేసుకోకూడదు. సాయంత్రం బిళ్ళ తరచూ తప్పేవాళ్ళు ఆ మాట డాక్టరు దగ్గర ఒప్పుకోవాలి. రోజుకు ఒక్కసారే వేసుకునే రకం ట్యాక్రోలిమస్ కూడా ఉంది. దానికి మార్చి, రక్తంలో మందు ఎంతుందో, అంటే లెవెల్, చూసి సర్దుతారు.

సరిహద్దు ఊళ్ళలో జరిగే ఒక పొరపాటును దగ్గరగా చూడాలి. బరంపురం నుంచి విశాఖకు రైల్లో దాదాపు 280 కిలోమీటర్లు, నాలుగైదు గంటల దారి. రివ్యూ రోజున మనిషి తెల్లవారుజామున బండెక్కుతాడు. ఎనిమిదింటికి అలవాటు ప్రకారం బండిలోనే ట్యాక్రోలిమస్ వేసుకుంటాడు. పదింటికి ఆసుపత్రిలో లెవెల్‌కు రక్తం ఇస్తాడు. మందు వేసుకున్న ఒకటి నుంచి మూడు గంటల్లో రక్తంలో దాని మోతాదు శిఖరాన ఉంటుంది. డాక్టర్లు చూడాలనుకునేది దాని అడుగు, అంటే తర్వాత బిళ్ళ వేసుకునే ముందు మిగిలిన మందు. మొదటి నెలల్లో ఆ అంకె సాధారణంగా 8 నుంచి 10, ఏడాది దాటాక 5 నుంచి 8 మధ్య ఉండేలా చూస్తారు, మార్పిడి చేసిన సెంటరును బట్టి కాస్త అటూ ఇటూ. ఈయన రిపోర్టులో అది 17 అని వస్తుంది. బిళ్ళ వేసుకున్న సంగతి ఎవరూ అడగరు, ఈయనా చెప్పడు. డోసు తగ్గిస్తారు. నిజానికి సరిపోతున్న మందు ఇప్పుడు చాలక, నెలకో రెండు నెలలకో క్రియాటినిన్ పెరుగుతుంది.

దీనికి విరుగుడు తేలిక. రక్తం ఇచ్చే రోజు పొద్దుటి బిళ్ళ జేబులో పెట్టుకెళ్ళాలి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందురోజు రాత్రి బిళ్ళ ఎన్నింటికి వేసుకున్నారో, రక్తం ఎన్నింటికి ఇచ్చారో చీటీ మీద రాయించాలి. రెంటి మధ్య పన్నెండు గంటలు, అరగంట అటూ ఇటూ ఉండాలి. బండి టైము కుదరకపోతే ముందురోజు సాయంత్రమే చేరుకోవాలి, లేదా రెండు మూడు రోజుల ముందు మీ ఊళ్ళోని కలెక్షన్ సెంటర్లో రక్తం ఇచ్చి రిపోర్టు పట్టుకెళ్ళాలి. కంపెనీ మార్చి ట్యాక్రోలిమస్ ఇచ్చారంటే, చౌకైనా సరే, డాక్టరుకు చెప్పి మళ్ళీ లెవెల్ చూసుకోవాలి.

లెవెల్‌ను తలకిందులు చేసేవి మందుల షాపులో ఇంకా ఉన్నాయి. తామరకు అడిగి కొనుక్కునే ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్. దగ్గుకు ఇచ్చే క్లారిత్రోమైసిన్. ఇవి ట్యాక్రోలిమస్‌ను రక్తంలో పేర్చేస్తాయి. పంపరపనస పండు కూడా అంతే. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ సరిగ్గా దీనికి తిరగబడి, ట్యాక్రోలిమస్‌ను రక్తంలో నిలవనివ్వదు. ఊరి ఆసుపత్రిలో టీబీ కోర్సు మొదలుపెట్టేముందు మార్పిడి చేసిన సెంటరుకు ఫోన్ చేయాల్సిందే. మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వద్దు, పారాసిటమాల్ చాలు. అశ్వగంధ, తిప్పతీగ లాంటివి ఇమ్యూనిటీ పెంచుతాయని అమ్ముతారు. ఇక్కడ మనం రోజూ మందులు మింగి తొక్కిపెడుతున్నది ఆ ఇమ్యూనిటీనే కదా!

అంకె భయం

మొదటి మూడు నెలలు వారం వారం రక్తపరీక్ష, తర్వాత పదిహేను రోజులకు, ఏడాదిలోపు నెలకు, ఆపైన రెండు మూడు నెలలకు ఒకసారి. రిజెక్షన్ చాలాసార్లు నొప్పి లేకుండా, మూత్రం తగ్గకుండానే మొదలవుతుంది కాబట్టి ఈ పరీక్షలు తప్పవు. కానీ మనసులో జరిగేది వేరు. పరీక్ష ముందురోజు నుంచే కడుపులో గాబరా. రిపోర్టు ఫోన్లో తెరవడానికి చెయ్యి రాదు. 1.2 ఉన్నది 1.35 అయితే ఇంటిల్లిపాదీ అన్నం మానేస్తారు.

క్రియాటినిన్ అంకె ఎందుకు ఊగుతుందో తెలిస్తే ఆ భయం సగం తగ్గుతుంది. లాబు మారితే పద్ధతి మారి 0.1, 0.2 తేడా వస్తుంది. ముందురోజు మాంసం బాగా తింటే, ఎండలో తిరిగి నీళ్ళు తక్కువ తాగితే పెరుగుతుంది. వాంతులు, విరేచనాలైతే ఇంకా. విరేచనాలప్పుడు ట్యాక్రోలిమస్ లెవెల్ కూడా పెరుగుతుంది, అది రెండో దెబ్బ. కాబట్టి ఒకే లాబులో, ఒకే వేళకు, నీళ్ళు మామూలుగా తాగి ఇవ్వాలి. అంకె ఒక్కసారి కాస్త పెరిగితే మళ్ళీ చూస్తారు. మీ మామూలు అంకెకు పావువంతు మించి పెరిగితే మాత్రం అదే రోజు సెంటరుకు ఫోన్ వెళ్ళాలి. 100.4 డిగ్రీల జ్వరం, మూత్రం తగ్గడం, రోజులో కిలో బరువు పెరగడం, పొత్తికడుపు పక్కన కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పి, వీటికి రేపు అనే మాట లేదు. రాయగడ, కోరాపుట్, గజపతి వైపైతే జ్వరానికి మలేరియా పరీక్ష కూడా వెంటనే చేయించాలి. దోమతెర ఇక్కడ మందుబిళ్ళతో సమానం.

ఇచ్చినవాళ్ళ బాకీ

మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పుచ్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. అంటే మామూలుగా అమ్మో, భార్యో ఇస్తుంది. ఈ లెక్క వెనక ఉన్న అన్యాయం వేరే వ్యాసానికి సరిపడా ఉంది. ఇక్కడ మనకు కావాల్సింది ఆ ఇంట్లో తర్వాత ఏం జరుగుతుందన్నది.

అప్పు తీర్చొచ్చు, కిడ్నీ తీర్చలేం. భార్య కిడ్నీతో బతుకుతున్న మనిషి ఆమెతో గట్టిగా మాట్లాడ్డానికి జంకుతాడు, ఆ జంకే చిరాకుగా బయటికొస్తుంది. అమ్మ ఇచ్చిన కొడుకు ఒకపూట బిళ్ళ మరిస్తే అమ్మ ముఖం చూడలేడు. చనిపోయిన దాత కిడ్నీ వచ్చినవాళ్ళది ఇంకో బరువు, తాను బతకడానికి ఎవరో పోవాల్సి వచ్చిందన్న ఆలోచన. ఆ మరణం తన కోసం జరగలేదు, కిడ్నీ తీసుకున్నా తీసుకోకపోయినా జరిగేదే. ఈ ఒక్క ముక్క ఎవరో పెద్దమనిషి నోటివెంట వినాలి, డాక్టరు నోటివెంట అయితే మరీ మంచిది.

ఇచ్చినామెకు మాత్రం ఆపరేషన్ గాయం మానగానే అందరి చూపూ తప్పుతుంది. పథ్యం ఆయనకు, పరామర్శ ఆయనకు, ఫైలు ఆయనది. ఆమెకూ ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడాలి, బతికినన్నాళ్ళూ. ఒక కిడ్నీతో ఆమె క్రియాటినిన్ 0.8 నుంచి 1.1కి చేరడం మామూలే, దానికి కంగారు పడనక్కర్లేదు. నొప్పి బిళ్ళలు ఆమెకూ వద్దు. రివ్యూకి ఆయనతో పాటు వెళ్ళేది ఎలాగూ ఆమే కాబట్టి, అదే రోజు ఆమె రక్తం కూడా ఇప్పించడం తేలిక దారి. ఆయన కిడ్నీ ఎప్పుడైనా పోతే అందరికన్నా ఎక్కువ కుంగిపోయేది కూడా ఆమే. ఆ సంగతి ఎవరికీ తట్టదు.

ఊరు, పండగ, పఖాళ

గంజాం జిల్లాను ఆనుకుని ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, అంటే ఉద్దానం. వీధికొకరు కిడ్నీ జబ్బుతో ఉన్న ప్రాంతం. ఆ ఊళ్ళలో, వాళ్ళ చుట్టరికాలున్న బరంపురం వీధుల్లో కిడ్నీ మార్పిడి అందినవాళ్ళు చాలా కొద్దిమంది. డయాలసిస్ రోజుల్లో పక్క మంచం మీద పడుకుని టీ పంచుకున్న మనిషి పోయాడని కబురొస్తుంది. తాను మాత్రం కొత్త కిడ్నీతో బజారుకు నడిచి వెళ్తున్నాడు. "అదృష్టవంతుడివి బావా" అని ఎవరైనా అంటే తల దించుకుంటాడు. దుఃఖం చెప్పుకోవడానికి కూడా తనకు హక్కు లేదనుకుంటాడు. ఆ నోరు నొక్కుకోవడమే చివరికి నిద్రలేమిగా, ఆకలి మందగించడంగా తేలుతుంది.

తిండి దగ్గర విధించే కట్టుబాట్లు చిన్నవే, కానీ మనిషిని వెలివేసినట్టు చేస్తాయి. వేసవిలో ఒడియా పొరుగింట్లో పఖాళ, మన ఇంట్లో చద్దన్నం తరవాణి. రాత్రంతా నీళ్ళలో నానిన అన్నం మొదటి ఆరు నెలలూ వద్దు, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. బండి మీది గప్‌చుప్ (పానీపూరీ) వద్దు, దాని నీళ్ళు అసలే వద్దు. బరంపురం ఊరగాయలు, అప్పడాలు, ఎండు చేపలు బీపీకి శత్రువులు, ఇవి ఆరు నెలల తర్వాత కూడా నాలుక్కి రాసుకునేంతే. పొటాషియం ఎక్కువున్నవాళ్ళు కొబ్బరినీళ్ళు అడిగి తాగాలి, ట్యాక్రోలిమస్ పొటాషియాన్ని పెంచుతుంది. రెండేళ్ళకోసారి చైత్రంలో వచ్చే ఠాకురాణి జాత్రకు తొలి ఏడాది గుంపులోకి వెళ్ళకపోతేనే మంచిది, ఆపైన మాస్కు వేసుకుని రద్దీ లేని వేళ వెళ్ళిరావచ్చు. కార్తీక సోమవారం ఉపవాసమంటే నీళ్ళూ బిళ్ళలూ మానడం కాదు.

ఏవి ఎన్నాళ్ళు వద్దో చెప్పకపోవడమే ఇక్కడ తప్పు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు "ఇన్ఫెక్షన్ జాగ్రత్త" అంటారు. ఇంట్లోవాళ్ళు దాన్ని జీవితఖైదుగా మారుస్తారు. మూడేళ్ళయినా మనవణ్ణి ఎత్తుకోనివ్వరు, విడిగా గది, విడిగా కంచం. బరువులు అయిదు కిలోలు మించకుండా ఉండాల్సింది మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలే. బైకు నడపడం కూడా దాదాపు అప్పుడే మొదలవుతుంది. రోజూ అరగంట నడక మందుల్లో భాగం. పొట్టకు దెబ్బ తగిలే కబడ్డీ లాంటివి మాత్రం ఎప్పటికీ వద్దు. పొలం పనికి వెళితే బూట్లు, చేతికి తొడుగులు. పనిలోకి తిరిగి వెళ్ళినవాళ్ళ మనసు ఇంట్లో కూర్చున్నవాళ్ళ మనసుకన్నా గట్టిగా ఉంటుంది. కొలువు దొరకకపోయినా కిరాణా కొట్టు లెక్కలు చూసినా సరే.

భార్యాభర్తల కలయిక గురించి ఎవరూ అడగరు, డాక్టరూ చెప్పడు. గాయం మానాక, ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఫర్వాలేదు, కిడ్నీకి ఏమీ కాదు. ఆగిపోయిన నెలసరి మార్పిడి తర్వాత కొద్ది నెలల్లోనే తిరిగొచ్చే అవకాశముంది కాబట్టి గర్భనిరోధం వెంటనే కావాలి. పిల్లలు కావాలంటే కనీసం ఏడాది ఆగాలి, క్రియాటినిన్ నిలకడగా ఉండాలి, బిడ్డకు హాని చేసే మైకోఫెనోలేట్‌ను కనీసం ఆరు వారాల ముందే డాక్టరు చేత వేరే మందుకు మార్పించుకోవాలి.

ఎవరితో, ఏ భాషలో చెప్పాలి?

ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో ఒడియా, రిపోర్టులో ఇంగ్లీషు. "మనసు బాగోలేదు" అన్న మాటను ఈ మూడింట్లో దేనిలో చెప్పాలో తెలియక మనిషి "నీరసంగా ఉంది, నిద్ర రావట్లేదు" అంటాడు. బీ కాంప్లెక్స్ రాసి పంపిస్తారు. కాబట్టి రివ్యూకి వెళ్ళేముందు ఇంట్లోనే ఓ కాగితం మీద రెండు ప్రశ్నలకు జవాబు రాసుకెళ్ళండి. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు దిగులుగా అనిపించింది? ఎన్ని రోజులు ఏ పని మీదా ఆసక్తి లేకపోయింది? సగం రోజులకు మించితే అది డాక్టరుకు చెప్పాల్సిన అంకే, క్రియాటినిన్ లాగా. మానసిక వైద్యులు వాడే తొమ్మిది ప్రశ్నల పట్టీలో మొదటి రెండూ ఇవే. ఆ పట్టీలో 27కు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పూర్తి పరీక్ష చేస్తారు. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి జవాబు అవును అయితే ఆ రోజే వైద్యం అందాలి.

14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. డిప్రెషన్ బిళ్ళలు కిడ్నీని పాడుచేస్తాయన్న భయంతో చాలామంది వెనకాడతారు. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి మార్పిడి అయినవాళ్ళకు మామూలుగా వాడుతూనే ఉన్నారు. ఫ్లూవోక్సమిన్ లాంటి కొన్ని మాత్రం ట్యాక్రోలిమస్‌ను పెంచుతాయి కాబట్టి, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు మందుల చీటీ మొత్తం పట్టుకెళ్ళాలి. పని చేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, వారానికే మానేయకూడదు. ఇదంతా కిడ్నీకి సంబంధం లేని వ్యవహారం కాదు. దిగులుగా ఉన్న మనిషే బిళ్ళ మరుస్తాడు, రివ్యూ ఎగ్గొడతాడు, కిడ్నీ పోగొట్టుకుంటాడు.

చాలామంది చేతిలో డయాలసిస్ నాటి ఫిస్టులా, అంటే సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఇంకా జివ్వుమంటూనే ఉంటుంది. కొందరు రాత్రిళ్ళు దాని మీద చెయ్యి పెట్టుకుని పడుకుంటారు, అది తీసేయమని అడగడానికి భయపడతారు, ఉంచుకోవడానికీ భయపడతారు. గుండెకు భారం కానంతవరకు దాన్ని మూయరు. బతికున్నవాళ్ళు ఇచ్చిన కిడ్నీ పదిహేను, ఇరవై ఏళ్ళు పనిచేసినవి ఎన్నో ఉన్నాయి, అంతకన్నా ముందే అలసిపోయేవీ ఉన్నాయి. అలసిపోయినప్పుడు మళ్ళీ డయాలసిస్, వీలైతే రెండో మార్పిడి. ఆ రోజున కోపంతోనో నిరాశతోనో మందులన్నీ ఒక్కసారి ఆపేయకండి. అలా ఆపితే ఒంట్లో యాంటీబాడీలు పెరిగి, రెండో కిడ్నీకి జోడు దొరకడం కష్టమవుతుంది. ఏది ఎప్పుడు, ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.